ఎవరింట్లో జొన్నలు లేవు?

శ్రోతలకు నమస్కారం.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఎన్నో ఆకలి కడుపులకు అన్నం పెట్టింది, కాదనలేం. అయితే జహీరాబాద్ ప్రాంతపు ఎర్రనేలల్లో జొన్న, సామ, కొర్ర పండించే చిన్న రైతుకు అదొక చిక్కు తెచ్చింది. బియ్యం అంత చవకగా దొరుకుతుంటే ఆ రాళ్ల చేలో జొన్న ఎందుకు వేయాలి? భూములు బీడు పడ్డాయి. పశువులకు చొప్ప పోయింది, కూలీలకు పని పోయింది.

పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండతో అక్కడి మహిళా సంఘాలు 1990ల మధ్యలో ఒక పని మొదలుపెట్టాయి. సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలే. బీడు భూమి ఉన్న రైతుకు దుక్కికి, ఎరువుకు, విత్తనానికి అప్పు ఇచ్చారు. బాకీ డబ్బుగా అడగలేదు; కొన్నేళ్లపాటు వాయిదాల్లో జొన్నలే కొలవమన్నారు. ఆ జొన్నలు ఊరు దాటలేదు.

మరి వాటిని ఎవరికివ్వాలి? నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇక్కడే. ఊరంతా కూర్చుని నేల మీద రంగుపొడులతో ఊరి పటం వేసుకున్నారు. ఏ ఇంటికి భూమి లేదు, ఏ ఇంట్లో సంపాదించే మనిషి లేడు అన్నది అందరి ఎదుటే తేల్చారు. ఎక్కువ పేదలకు ఎక్కువ జొన్నలు, అదీ బజారు కన్నా తక్కువ ధరకు, పనులు దొరకని వానాకాలంలో. ఆఫీసు కాగితం మీద పేదరికాన్ని ఎంతైనా పెంచి రాయించుకోవచ్చు. ఎదురింటివాళ్ల ముందు అది సాగదు.

విత్తనాల లెక్క మరీ సూటిగా ఉంటుంది. వేపాకు, బూడిద కలిపి సంఘం దాచిన గింజల్లోంచి సేరు తీసుకుంటే పంట వచ్చాక రెండు సేర్లు కొలవాలి. ఒకే చేలో జొన్నతో పాటు కంది, పెసర, అనుము, గోంగూర వేస్తారు. వాన మొహం చాటేస్తే ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. చలికాలంలో మంచు తడికే పండే పంటలను వాళ్లు ‘సత్యం పంటలు’ అంటారు. ఆ పేరు పెట్టిన నోటికి దండం పెట్టాలి.

2008లో మాచ్నూర్‌లో సంఘం రేడియో మొదలైంది, ఆ స్త్రీలే నడుపుతున్నారు. మైకు ముందు కూర్చునే మాలాంటివాళ్లకు కాస్త అసూయ కలిగించే సంగతే! 2019లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది.

ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతరలో ఎడ్లబండ్లు విత్తనాల కుండలతో ఊరూరా తిరుగుతాయి. కానీ చుట్టుపక్కల పత్తి, చెరకు పెరిగాయి. పారిశ్రామిక వాడ కోసం కొన్ని ఊళ్లలో భూసేకరణ జరిగింది. భూమి పోయిన రైతు ఆ కుండలోంచి సేరు గింజలు తీసుకుని ఎక్కడ చల్లుతాడు? రెండు సేర్లు ఎలా కొలుస్తాడు?

సెలవు.