లలిత గారి పేరిట ఒక ఉపకారవేతనం

శ్రోతలకు నమస్కారం.

స్మారక ఉపకారవేతనం అనగానే మనకు ముందు గుర్తుకు వచ్చేది కళాశాలలో జమ చేసిన నిధి. దాత కుటుంబంలో పెద్దల పేరు, ఏటా వచ్చే వడ్డీ, మొదటి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి. మంచి పనే. నేను చెప్పబోయే ఉపకారవేతనం మాత్రం సొమ్ము ఇచ్చినవారి పేరిట కాదు, తోటి వృత్తివారి కోసం జీతం లేకుండా పనిచేసిన మనిషి పేరిట పుట్టింది. అలాంటిదే మన ఇంజినీరు లలిత గారి పేరిట కూడా రావాలని నా ఆశ.

1987లో అమెరికాలో కంప్యూటర్ పరిశోధకుల సదస్సు ఒకటి జరిగింది. వచ్చినవారిలో స్త్రీలను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అక్కడ అనీటా బోర్గ్ అనే శాస్త్రవేత్త, మరి కొందరు స్త్రీలు మాటల్లో పడి, కలిసి భోజనానికి కూర్చున్నారు. ఆ పరిచయం అక్కడితో తెగిపోకూడదని ఆమె ఒక ఈ-మెయిల్ బృందాన్ని మొదలుపెట్టారు. అది వేలమందికి పెరిగింది. తాను చేసే ఉద్యోగం వేరు, ఈ పని వేరు. అయినా ప్రశ్న అడిగిన అమ్మాయికి జవాబు దొరికేలా చూడటం ఆమె తన బాధ్యత అనుకున్నారు. 1994లో టెలీ విట్నీతో కలిసి, తొలితరం అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ పేరుమీద కంప్యూటర్ రంగంలోని స్త్రీలకు వాషింగ్టన్‌లో మొదటి సమావేశం ఏర్పాటు చేశారు. ఆ సమావేశాలు తరువాత మన దేశంలోనూ జరిగాయి.

2003లో, 54 ఏళ్ల వయసులో, మెదడు క్యాన్సర్‌తో అనీటా బోర్గ్ చనిపోయారు. మరుసటి ఏడు ఆమె పేరిట గూగుల్ సంస్థ కంప్యూటర్ చదివే విద్యార్థినులకు స్మారక ఉపకారవేతనం ప్రారంభించింది. నాకు ఇందులో నచ్చినది ఎంపిక పద్ధతి. మార్కులు చూశారు, వాటితోపాటు నాయకత్వ గుణాన్నీ చూశారు. ఎంపికైనవారిని ఒకచోట చేర్చి, ఒకరినొకరు తెలుసుకునే అవకాశం కల్పించారు. 1987 నాటి ఆ భోజనం బల్లను మళ్లీ మళ్లీ వేసినట్టు!

తరువాతి కాలంలో ఆ పథకానికి వేరే పేరు పెట్టారు. అది నాకు బాధ కలిగించింది. సొమ్ము ఎవరైనా ఇవ్వగలరు. దాన్ని అందుకున్న అమ్మాయి 'ఈమె ఎవరు?' అని ఒక్కసారి వెతికి చదవాలంటే ఆ పేరు అక్కడ ఉండాలి కదా.

ఇక్కడే నాకు మన అయ్యలసోమయాజుల లలిత గారు గుర్తుకు వస్తారు. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనో ఏట పెళ్లి, పద్ధెనిమిదో ఏట వైధవ్యం, చేతుల్లో నాలుగు నెలల పసిపాప. గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో ఆచార్యులైన తండ్రి పప్పు సుబ్బారావు గారు అండగా నిలబడ్డారు. ఆమె అక్కడే చదివి, భారతదేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరు అయ్యారు. కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్తు పనుల్లో పాలుపంచుకున్నారు.

ఇంతవరకు చాలామంది చెబుతారు. తరువాతి కథే నాకు ముఖ్యం. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ సదస్సు జరిపినవారికి మన దేశంలో అప్పటికి శాఖ లేదు. అందుకని లలిత గారు వ్యక్తిగత హోదాలో వెళ్లారు. మరుసటి ఏడు లండన్ మహిళా ఇంజినీర్ల సంఘంలో సభ్యురాలయ్యారు. 1967లో కేంబ్రిడ్జిలో రెండో సదస్సు జరిగినప్పుడు మన దేశం తరఫున ప్రతినిధిగా పనిచేయడానికి ఒప్పుకున్నారు. ఉత్తరాలు రాసి, నచ్చజెప్పి, భారతీయ మహిళా ఇంజినీర్లు ఐదుగురు ఆ సదస్సుకు వెళ్లేలా చూశారు. 1979లో, అరవయ్యో ఏట కన్నుమూశారు.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో, వృత్తి సంఘాల్లో లలిత గారి పేరిట ఉపకారవేతనాలు ఉండాలని నా కోరిక. పెద్ద మొత్తం అక్కరలేదు. ఒక సదస్సు రుసుము, రైలు ఛార్జీలు, రెండు రోజుల బస ఖర్చు చాలు. చిన్న ఊరి నుంచి వచ్చి, తన ఊరివాళ్లు ఎవరూ చూడని సభలో మొదటిసారి అడుగుపెట్టే అమ్మాయికి ఇవ్వండి. దరఖాస్తులో మార్కుల గడి ఎలాగూ ఉంటుంది. దాని కింద ఇంకొక గడి పెట్టండి: 'మీతోపాటు ఎవరిని తీసుకువెళ్తారు?'

నమస్కారం.