గుడ్లు పెట్టిన తరువాత తల్లి చేప సంగతి

అధ్యక్షులకు, ఉదయసముద్రం, మూసీ, డిండి కట్టల మీద నుంచి వచ్చిన సంఘాల సభ్యులకు నమస్కారం. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి బృందం మెదడు కింద ఉండే పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి గండిచేపల (కార్పుల) చేత గుడ్లు పెట్టించినందుకే ఏటా ఈ రోజున మత్స్య రైతుల దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ ఘనత గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు కనుక, గుడ్లు పెట్టాక ఆ తల్లి గతేమిటన్నది ఒక్కటే నేను మాట్లాడతాను.

నిరుటి వానాకాలం చేపపిల్లలను పుట్టించే ఒక హేచరీలో, పేరు అనవసరం, తెల్లవారుజామున గుడ్లు విడిచిన రవ్వ చేపలను పొద్దెక్కకముందే మంచు పోసి బజారుకు పంపుతుంటే చూశాను. ఒకదాన్ని నేనే కొని కోయించాను. అండాశయం గాలి తీసిన సంచిలా ముడుచుకుపోయి, ఎర్రగా కమిలి ఉంది; విడుదల కాని గుడ్లు కొన్ని తెల్లబారి గోడకు అంటుకొని ఉన్నాయి. కోసే ఆమె "జన లేదు సారూ, మోసపోయిండ్రు" అని నవ్వింది. జన అంటే చేప కడుపులోని గుడ్లు.

నిజానికి వచ్చే విడత గుడ్లు ఆ మడతల్లోనే, కంటికి ఆననంత చిన్నవిగా అప్పటికే ఉంటాయి. విడుదలైన గుడ్ల ఖాళీ తొడుగులు క్రమంగా కుదించుకుపోతాయి. మిగిలిన గుడ్ల సొనను వాటి చుట్టూ ఉన్న కణాలే అరిగించుకుంటాయి. ఆ తరువాత అండాశయం విడిచే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ప్రభావంతో కాలేయం విటెల్లోజెనిన్ అనే మాంసకృత్తును తయారు చేసి రక్తంలోకి పంపితే, దాన్ని పీల్చుకొని కొత్త గుడ్డు సొన నింపుకుంటుంది. దీనికి మేత కావాలి, వ్యవధి కావాలి. మనం వేసే సూది తయారై ఉన్న గుడ్డును పండించి విడిపించగలదు, అంతే. లేని సొనను నింపలేదు. హేచరీలవారు ఈ సభలో ఉంటే ఈ మాట మళ్లీ వినాలి: సూది సొనను నింపలేదు!

తవుడు, పల్లిచెక్కలకు తోడు చేపపొడి, ఖనిజ లవణాలు కలిపి మేపితే నెలన్నర, రెండు నెలల్లో అదే తల్లి ఆ సీజన్‌లోనే మరోసారి గుడ్లు పెట్టగలదు. అయితే వలలో పొలుసులు ఊడిన తల్లికి బూజు పట్టకుండా పర్మాంగనేట్ నీటిలో ముంచి, ఇరుకు లేని చెరువులో విడిగా ఉంచాలి.

అన్నలారా, చేపపిల్లలను మీ చెరువుల్లోకి దించుకునేటప్పుడు మీరు లెక్క ఒక్కటే చూస్తారు. ఈసారి తల్లి చేపల చెరువు చూపించమని అడగండి. ఏ తల్లికి ఏ తేదీన సూది వేశారో రాసిన పుస్తకం కూడా అడగండి, అది లేదంటే బండి వెనక్కి తిప్పి పంపండి.