రేకు సిగ్నల్ మీద ఆవగింజంత మచ్చ

(దగ్గరి షాట్: అరచేతిలో రేకు సిగ్నల్ స్తంభం. బొటనవేలితో కింది మీట నొక్కగానే పై రెక్క వాలుతుంది.)

టక్. ఇంకోసారి వినండి. టక్.

రెక్క వాలింది. చిన్నప్పుడు బిట్రగుంట స్టేషన్‌లో ఇలా రెక్క పడగానే మా అమ్మ "సిగ్నల్ ఇచ్చేశారు, సంచి పట్టుకో" అనేది. ఇది అదే సిగ్నల్, కాకపోతే జానెడు పైచిలుకు ఎత్తు. ఇంగ్లండ్‌లో చేసిన పాత బొమ్మ. మీట నుంచి పైదాకా సన్నటి తీగ ఉంది చూడండి, రెక్కని ఆడించేది అదే.

నేను పోగుచేసేది రేకు రైళ్ళ చుట్టూ ఉండే సామాను. స్టేషన్లు, గేట్లు, దీపస్తంభాలు, పట్టాల చివర బండిని ఆపే బఫర్లు. ఇంజన్లు నా దగ్గర రెండే. ఇంజన్ గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోతుంది. స్టేషన్‌లో మాత్రం చూసినకొద్దీ ఏదో ఒకటి దొరుకుతుంది.

(షాట్: బొమ్మల కొలువు మెట్లు. ఒక మెట్టు మీద రేకు స్టేషన్.)

ఈ సామాను అమ్మే ఉపాయం మనకి కొత్తేమీ కాదు. ఏటా కొలువులో ఒక్క బొమ్మైనా కొత్తది చేరుస్తాం కదా, అదే లెక్క. జర్మనీలోని మెర్క్‌లిన్ కంపెనీ మొదట్లో ఆడపిల్లల వంటింటి బొమ్మలు చేసేది. ఆ ఆటలో ఒక గిన్నె కొంటే తర్వాత ఇంకో గిన్నె కొనాల్సిందే. 1891లో లైప్‌జిగ్ సంతలో రైళ్ళకీ అదే పద్ధతి పెట్టి, పట్టాల వెడల్పులకి కొలతలు కట్టింది. ఇప్పుడు నా చేతిలో ఉన్నది 'O' (ఓ) గేజ్ అనే కొలత సామాను. పట్టాల మధ్య 32 మిల్లీమీటర్లు. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో మొదలుపెట్టిన రైళ్ళదీ ఇదే కొలత.

అమెరికా లయనెల్ కంపెనీ 1935లో ఒక గేట్‌మన్‌ని తెచ్చింది. రైలు దగ్గరికి రాగానే చిన్న గదిలోంచి లాంతరు పట్టుకుని బయటికి వస్తాడు, బండి వెళ్ళగానే లోపలికి పోతాడు. లోపల తీగచుట్టకి కరెంటు అందితే లాగుతుంది, అంతే. మన గేట్ల దగ్గర స్కూటర్ వంచి కింద నుంచి దూరేవాళ్ళతో పడే గొడవ ఆయనకి లేదు, అదృష్టవంతుడు.

(దగ్గరి షాట్: భూతద్దం కింద స్టేషన్ గోడ అంచు.)

కొనేముందు చూడాల్సింది ఈ అంచు. ఇలాంటి వాటిలో ఇటుకలు, కిటికీలు అన్నీ బల్లపరుపు రేకు మీద ముందే అచ్చువేస్తారు. తర్వాతే కోసి వంచుతారు. అందుకే వంపు దగ్గర రంగు సన్నగా బీటలు వారి ఉంటుంది. వంపు మీద కూడా రంగు నున్నగా, మందంగా ఉందంటే తర్వాత ఎవరో పూశారని నాకు అనుమానం. రేకు నాలుకల్ని చీలికల్లో దూర్చి మడుస్తారు, వాటినీ చూడండి. రెండు మూడు సార్లు విప్పి మడిస్తే నాలుక విరిగిపోతుంది.

సిగ్నల్ రెక్క రంగూ బొమ్మ ఏ కాలానిదో కొంత చెబుతుంది. చేపతోకలా చీలిన రెక్క డిస్టెంట్ సిగ్నల్‌ది, అంటే ముందున్న సిగ్నల్ ఎలా ఉందో డ్రైవర్‌కి ముందుగా చెప్పేది. బ్రిటన్‌లో 1920ల దాకా అది కూడా ఎర్రగానే ఉండేది, తర్వాత పసుపు చేశారు. బొమ్మలూ అదే దారి పట్టాయి.

ఇక తుప్పు. నెల్లూరులో ఈ సరదా పెట్టుకున్నవాడికి అసలు టెన్షన్ ఇదే.

(షాట్: కళాయి పూసిన ఇత్తడి గిన్నె, పక్కన జింకు బకెట్.)

ఇత్తడి గిన్నెకి కళాయి పూస్తారు కదా, ఆ తగరమే ఇక్కడ పల్చటి ఉక్కు రేకుకి పూత. పూత బాగున్నంతకాలం భయం లేదు. జింకు బకెట్ మీద గీత పడితే, పక్కనున్న జింకు ముందు తాను కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది. తగరం ఆ పని చేయదు. ఇనుము కన్నా తగరానికి చురుకు తక్కువ. అందుకని గీత పడి తడి తగిలిందంటే ఇనుమే ముందు పోతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, కింద తుప్పు పాకుతుంటుంది. మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి దానికి ఇంకా తోడు.

ఇది తెలియక ముందు నేను చేసిన ఘనకార్యం చెప్తాను. ఒక బఫర్ అడుగున తుప్పు కనిపిస్తే, చెంబు తోమినట్టు చింతపండుతో తోమేశాను. అబ్బ, తళతళలాడింది! రెండో రోజుకి అరచేయంత మేర ఎర్రబడింది. తుప్పుతో పాటు మిగిలిన తగరాన్నీ నేనే గీకేశాను మరి. అమ్మ చూసి, "చెంబైతే మళ్ళీ కళాయి పెట్టించేవాళ్ళంరా" అంది.

ఇప్పుడు నీళ్ళు, పులుపు, థిన్నర్ ఏవీ దగ్గరికి రానివ్వను. మెత్తటి బ్రష్, పొడి నూలుగుడ్డ. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ మూడు నెలలు సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో పెడతాను. పొట్లాలు తడి పీల్చేసుకుంటే మారుస్తాను. న్యూస్‌పేపర్‌లో చుట్టను, అది తేమ పట్టి ఉంచుతుంది.

(దగ్గరి షాట్: సిగ్నల్ స్తంభం మొదట్లో చిన్న మచ్చ. పక్కన స్కేలు.)

ఈ మచ్చ కొన్నప్పుడే ఉంది. పోయిన అక్టోబరులో పెట్టెలో పెట్టేముందు కొలిచాను, 2 మిల్లీమీటర్లు. ఇవాళ తీశాను. స్కేలు మీద మీరే చూడండి.