దుమ్ము కాదు, గోధుమ వెతకండి

న్యూజెర్సీ నుంచి ఆదివారాల్లో వచ్చే తెలుగు ఆన్‌లైన్ రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమం ఇది. 2026 మార్చి 15న ప్రసారమైన భాగాన్ని మాటల్లో రాసి పెట్టాం. అతిథి తెనాలిలో పుట్టారు. పెళ్లికి ముందు యూదు మతం స్వీకరించారు. ఇరవై రెండేళ్లుగా హైలాండ్ పార్క్‌లో కోషర్ వంటిల్లు, అంటే యూదుల ఆహార నియమాలు పాటించే వంటిల్లు నడుపుతున్నారు.

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. నాలుగు రోజుల్లో ఉగాది, ఇళ్లు కడుక్కునే రోజులు. ఈ వారం ఇంకో పండక్కి ఇల్లు కడగడం గురించి మాట్లాడుకుందాం. ఏప్రిల్ 1 బుధవారం పొద్దుగుంకడంతో యూదుల పస్కా మొదలు. నమస్కారమండీ.

అతిథి: నమస్కారం. ఈ ఏడాది నాకు భలే సంతోషంగా ఉంది. మనకి చైత్రం మొదలయ్యే రోజూ, యూదులకి నీసాన్ నెల మొదలయ్యే రోజూ ఒకటే వచ్చాయి, మార్చి 19. అక్కణ్ణుంచి పున్నమి వెన్నెలకి పస్కా. అంటే ఉగాది బొబ్బట్లు చేసుకుని, మిగిలిన మైదా డబ్బా ఖాళీ చేయడానికి రెండు వారాలుందన్నమాట.

యాంకర్: మొదటి కాల్ ఎడిసన్ నుంచి. చెప్పమ్మా.

కాలర్ 1: నమస్తే అక్కా. మాది కాకినాడ. పోయిన ఏడాది నేను మతం మారాను. ఈసారి పస్కా రాత్రి చేసే సేదర్ విందు మా ఇంట్లోనే. అత్తగారూ మామగారూ బోస్టన్ నుంచి వస్తున్నారు. పది రోజుల నుంచీ ఇల్లు కడుగుతూనే ఉన్నాను. ఫ్యాన్ రెక్కలు, కర్టెన్లు, పుస్తకాల అరలు అన్నీ అయ్యాయి. వంటింటి జోలికి ఇంకా వెళ్లనే లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

అతిథి: ముందు ఆ నిచ్చెన దిగు తల్లీ. ఫ్యాన్ రెక్క మీదున్నది దుమ్ము. దుమ్ము హమేత్స్ కాదు, అంటే పస్కాకి ఇంట్లో ఉండకూడని తిండి కాదు. తిండి తీసుకెళ్లని చోట వెతకనక్కర్లేదని యూదుల పాత ధర్మగ్రంథం మిష్నాలోనే ఉంది. నువ్వు సోఫా సందులు చూడు, ఆఫీసు బ్యాగు చూడు, కారు సీటు కింద చూడు. బిస్కెట్లు తినేది అక్కడ. మిగతా శుభ్రం మరో నెలలో చేసుకోవచ్చు.

కాలర్ 1: అసలు హమేత్స్ అంటే ఏంటో నాకు పూర్తిగా అర్థం కాలేదక్కా. బైబిల్లో పులిసిన పిండి అని ఉంది. మా ఫ్రిజ్‌లో దోసెల పిండి ఉంది, పెరుగుంది. అవన్నీ పారబోయాలా?

అతిథి: తెలుగువాళ్లందరం తట్టుకునే రాయి ఇదే. మనకి పులవడమంటే పుల్లబడడం. ఆ లెక్కన దోసెల పిండి పులిసింది, చపాతీ పులవలేదు. యూదు శాస్త్రంలో సరిగ్గా తలకిందులు. అక్కడ ఐదే ధాన్యాలు: గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే పాతరకం గోధుమ. ఈ ఐదింట్లో దేని పిండైనా నీళ్లు తగిలి పద్దెనిమిది నిమిషాలు కదపకుండా ఉంటే హమేత్స్ అయినట్టే. మనం చపాతీ పిండి కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట నానబెడతామా లేదా? అది హమేత్స్. పస్కాకి తినే పులవని రొట్టె మాట్సాని కలిపిన దగ్గర్నుంచి కాలేదాకా ఆ పద్దెనిమిది నిమిషాల్లోనే ముగించేది అందుకే. దోసెల పిండిలో ఉన్నది బియ్యం, మినప్పప్పు. అది ఎంత పొంగినా హమేత్స్ కాదు. పెరుగూ కాదు, కాకపోతే పస్కా ముద్ర ఉన్నది కొనుక్కో.

కాలర్ 1: అమ్మయ్య! అయితే ఇడ్లీలు తినొచ్చా?

అతిథి: మీవారి పూర్వీకులు ఎటువైపు?

కాలర్ 1: పోలండ్ వైపు.

అతిథి: అయితే అష్కెనాజీలు, ఐరోపా వైపు యూదులు. వాళ్ల ఆచారంలో బియ్యం, పప్పులు, మొక్కజొన్న, ఆవాలు, నువ్వులు ఈ ఎనిమిది రోజులూ తినరు. వీటిని కిత్నియోత్ అంటారు. 2015 చివర్లో యూదుల్లోని కన్సర్వేటివ్ శాఖ పండిత సంఘం వీటిని తినొచ్చని తీర్పిచ్చింది కానీ, ఇప్పటికీ మానేసే ఇళ్లే ఎక్కువ చూశాను. మీ ఇంటి పద్ధతి మీ ఆయన్నీ, మతగురువు రబ్బీనీ అడుగు. ఒకటి గుర్తుంచుకో. కిత్నియోత్ తినకూడదు, అంతే. ఇంట్లో ఉంచుకోవచ్చు. కందిపప్పు డబ్బా పారేయకు, ఓ అరలో పెట్టి తలుపు వేసి టేపు అంటించు. గోధుమ సంగతి అలా కాదు. తినకూడదు, మనదిగా ఉండనూ కూడదు.

యాంకర్: గోధుమంటే ఆటా, రవ్వ, సేమ్యా. ఇంకేమన్నా దాక్కుని ఉంటాయా?

అతిథి: ఇంగువ! మన వంటింట్లో అన్నిటికన్నా లోపల దాక్కునేది అదే. డబ్బాలో అమ్మే ఇంగువలో చాలావాటికి గోధుమ పిండో మైదానో కలుపుతారు. నా మొదటి పస్కాకి ఇల్లంతా అద్దంలా చేసి, బంగాళాదుంప వేపుడులో అలవాటుగా చిటికెడు ఇంగువ వేశాను. మా ఆయన డబ్బా తిప్పి చదివారు. కూర పోయింది, మూకుడు పోయింది. ఆ రాత్రి చాలా ఏడ్చాను. అందుకే పోపుల డబ్బాతో మొదలుపెట్టమని అందరికీ చెబుతాను. సాంబారు పొడిలో ఇంగువ ఉంటుంది. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. హార్లిక్స్ అంటేనే గోధుమ, బార్లీ. బీరు, విస్కీ సరేసరి.

కాలర్ 1: మూత తీయని ఆటా బస్తా ఉందక్కా, పది కిలోలు.

అతిథి: అమ్మేయాలి. మీ ప్రార్థన మందిరం, అదే సినగాగ్‌లో ఒక పత్రమిస్తారు. దాని మీద సంతకం పెడితే నీ తరఫున రబ్బీ యూదులు కాని ఒకరికి అమ్ముతారు. అది నిజమైన అమ్మకం, మాటవరసకి కాదు. బస్తా నీ ఇంట్లోనే మూసిన అరలో ఉంటుంది కానీ ఆ ఎనిమిది రోజులూ నీది కాదు. పండగయ్యాక రబ్బీ తిరిగి కొంటారు. పత్రం ఆఖరి రోజు దాకా ఉంచుకోకు.

కాలర్ 1: గిన్నెలు మళ్లీ అన్నీ కొనాలా?

అతిథి: వద్దు. గిన్నె ఎలా పీల్చుకుందో అలాగే వదులుతుందని సూత్రం. నీళ్లలో ఉడికిన స్టీలు గిన్నెని మరిగే నీళ్లతోనే బాగుచేయొచ్చు. బాగా తోమి, ఒక రోజంతా వాడకుండా ఉంచు. పెద్ద డేగిసాలో నీళ్లు తెర్లుతుండగా నిండా ముంచి తీసి, చన్నీళ్లతో కడుగు. ప్రెషర్ కుక్కరూ ఇలాగే, కాకపోతే మూతకి కొత్త రబ్బరు వెయ్యి. చపాతీ పెనం మాత్రం నిప్పు మీద పొడిగా కాలింది. దానికి నీళ్లు చాలవు, ఎర్రగా కాలాలి. ఇంట్లో ఆ పని పెట్టుకోకు, తీసి దాచెయ్. పింగాణీ, మట్టిపాత్రలు ఏం చేసినా వదలవు. నాన్‌స్టిక్ కూడా పక్కన పెట్టు. చపాతీ పీట, కర్ర కూడా ఆ అరలోకే. మిక్సీ జార్లలో ఎన్ని పొడులు పట్టి ఉంటావో, ఈ వారానికి వాటిని వదిలెయ్. నేను చిన్న రాతి రోలు కొనుక్కున్నాను, పస్కాకి తప్ప తీయను. అల్లం, పచ్చిమిర్చి అందులోనే.

యాంకర్: స్టవ్, సింకు?

అతిథి: అవన్ సెల్ఫ్ క్లీన్‌లో పెడితే సరిపోతుంది. స్టీలు సింకుని తోమి, ఒక రోజు వేడినీళ్లు తగలకుండా ఉంచి, కళపెళా కాగే నీళ్లు మూలమూలకీ పోయాలి. గట్టు గ్రానైట్ అయితే దానికీ అంతే, లేదంటే మందపాటి ఫాయిల్ పరిచేయడమే. ఫ్రిజ్ తుడిస్తే చాలు. ఇంకో మాట, పాలకీ మాంసానికీ గిన్నెలు వేరు కదా, పస్కాకీ రెండు జతలు కావాలి. మొదటి ఏడాది ఒక వైపే వండు. మీ అత్తగారు ఎనిమిది రోజులు కాఫీలో పాలు లేకపోతే ఏమీ అనుకోరు. నువ్వు సేదర్ బల్ల దగ్గర నిద్రకి తూలితే మాత్రం బాధపడతారు.

కాలర్ 1: చివరి రోజు పనులు చెప్పండక్కా, రాసుకుంటాను.

అతిథి: మార్చి 31 మంగళవారం చీకటి పడగానే వెతుకులాట. దీపాలన్నీ ఆర్పేసి కొవ్వొత్తి, పక్షి ఈక, చెక్క గరిటె పట్టుకుని గది గదీ తిరగాలి. ముందే పది రొట్టె ముక్కలు కాగితంలో చుట్టి దాస్తారు. ఎక్కడ దాచారో రాసి పెట్టుకోండి, ఒకటి దొరక్కపోతే తెల్లారేదాకా వెతకాలి. అయ్యాక అరమాయిక్ భాషలో ఒక మాట చెప్పాలి: నా కంటబడని హమేత్స్ ఏదన్నా మిగిలితే అది ఎవరిదీ కాదు, నేల మీది ధూళితో సమానం అని. ఆ మాట నువ్వు తెలుగులో కూడా చెప్పుకో, అర్థమై చెప్పడమే ముఖ్యం. బుధవారం పొద్దున పదకొండు లోపే తినడం ఆపాలి. కచ్చితమైన నిమిషం సినగాగ్ ఇస్తుంది. తర్వాత ఆ ముక్కల్ని పెరట్లో కాల్చడం. నాకైతే అప్పుడు భోగి మంట వాసనే వస్తుంది. ఇంకొకటి: ఈసారి గురు, శుక్రవారాలు పండగ, వెంటనే శనివారపు విశ్రాంతి దినం శబ్బాత్. శబ్బాత్ వంట శుక్రవారం చేయాలంటే బుధవారమే ఒక మాట్సా, ఉడికించిన గుడ్డు పక్కన పెట్టి దీవెన చెప్పాలి. మర్చిపోకు.

యాంకర్: విజయవాడ నుంచి ఒక అమ్మగారు లైన్‌లో ఉన్నారు.

కాలర్ 2: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుందండీ, అల్లుడు యూదుల అబ్బాయి. 27న బయల్దేరుతున్నా. ఆవకాయ, సున్నుండలు, అరిసెలు, కజ్జికాయలు సర్దాను. ఇప్పుడు ఫోన్ చేసి ఏమీ తేవద్దంటోంది. నేను చేసింది వాళ్లింట్లోకి పనికిరాదా అని మనసు చివుక్కుమంది.

అతిథి: అలా అనుకోకండి అక్కగారూ. మీరు సర్దినవాటిలో అసలు గోల కజ్జికాయలతోనే, వాటిలో మైదా ఉంది. అవి మీ చెల్లెలికో, పక్కింటికో ఇచ్చేయండి. ఆవకాయలో ఆవపిండి, సున్నుండల్లో మినుములు, అరిసెల్లో బియ్యం. ఇంగువా గోధుమా తగలకపోతే అవి కిత్నియోత్, హమేత్స్ కాదు. తీసుకెళ్లండి. పండగ అయ్యేదాకా వాటిని మూత తీయకుండా అరలో పెట్టుకుంటారు. మహారాష్ట్ర కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ యూదులున్నారు. వాళ్లు పస్కాని జాడీ మూసే పండగ అనేవారు. పుల్లటి పచ్చడి జాడీని ఆ రోజులకి మూసి పెట్టేవారు కాబట్టి. మీ ఆవకాయ జాడీ కూడా అలాగే మూసుకుని కూర్చుంటుంది. ఏప్రిల్ 9 గురువారం చీకటి పడ్డాక మీ అమ్మాయి ముందు తెరిచేది దాన్నే.

కాలర్ 2: ఆ ఎనిమిది రోజులూ నేను వాళ్లకేం వండను?

అతిథి: అక్కడ కొన్న కూరగాయలు, వాళ్ల పస్కా గిన్నెలు, వాళ్ల నూనె. బంగాళాదుంప, వంకాయ, కొబ్బరి, అల్లం, పచ్చిమిర్చి. ఆవాలు లేకుండా మిరియాలు దంచి వేయండి. కీన్వా అనే గింజల్ని చాలా ఇళ్లలో ఒప్పుకుంటారు, దాంతో ఉప్మా చేస్తే పిల్లలు అడిగి తింటారు. జీలకర్ర, మెంతుల విషయంలో ఇంటికో పద్ధతి, అల్లుణ్ణి అడగండి. మీరడిగితే ఆ అబ్బాయి ఎంత సంతోషపడతాడో చూడండి.

యాంకర్: ఇజ్రాయెల్ నుంచి ఒక కాల్. అక్కడ ఇప్పుడు రాత్రి కదా, చెప్పమ్మా.

కాలర్ 3: నమస్తే అక్కా. మాది నిజామాబాద్ దిక్కు. ఈడ రామత్‌గాన్‌ల ఒక ముసలామెను చూసుకునే పని జేస్తున్న. వచ్చి ఆరు నెలలైంది. ఆమెను సవ్తా అని పిలుస్త, అంటె నానమ్మ. ఆమె బాగ్దాద్‌ల పుట్టిందట. పస్కాకు వంటిల్లు నువ్వే సాఫ్ చెయ్యాలె అని బిడ్డలు ఫోన్ల చెప్పిన్రు. నాకేం సమజైతలేదు. నా రూంల జొన్నపిండి, గోదుమపిండి ఉన్నయ్. పారెయ్యాల్నా?

అతిథి: నువ్వు యూదురాలివి కాదు కాబట్టి ఆ పిండి నీది. నీకా నియమం లేదు. కానీ అది వంటింట్లోకి రాకూడదు, సవ్తా గిన్నె, గరిటె, పొయ్యి తాకకూడదు. నీ గదిలో మూతపెట్టి, వేరే అరలో పెట్టుకుంటానని ఆ బిడ్డలకి ముందే చెప్పు, వాళ్లు సరేనన్నాకే పెట్టుకో. రొట్టె మాత్రం ఆ ఏడు రోజులూ ఇంట్లో చేయకు. అక్కడ పండగ ఏడు రోజులే, సేదర్ ఒక్క రాత్రే. కొట్లలో హమేత్స్ అరలన్నీ ప్లాస్టిక్ కప్పేసి ఉంటాయి, చూసి కంగారు పడకు.

కాలర్ 3: సవ్తా బువ్వనే తింటది అక్కా. బియ్యం బందు పెట్టాల్నా?

అతిథి: బాగ్దాద్ వాళ్లయితే పస్కాకి బియ్యం తింటారు. కానీ మధ్యలో గోధుమ గింజ ఉందేమోనని మూడుసార్లు ఏరతారు. నీకు చేటలో బియ్యం ఏరడం వచ్చుగా?

కాలర్ 3: వస్తది. మా అమ్మ నేర్పింది.

అతిథి: అయితే పండగ ముందే, సవ్తాని పక్కన కూర్చోబెట్టుకుని తెల్లటి గుడ్డ మీద పోసి ఏరు. ఆవిడకి చూపు ఉంటే తనే లెక్క చెబుతుంది, ఒకటి, రెండు, మూడు అని. కొచ్చి యూదులు కూడా బియ్యం గింజ గింజా ఏరి పెట్టుకునేవారు. గిన్నెల మాట మాత్రం నీ అంతట నువ్వు తేల్చకు. ఆ ఇళ్లలో పస్కా గిన్నెలు వేరే పెట్టెలో ఉంటాయి, అటక మీద చూడమని అడుగు. సేదర్ బల్ల మీద పెట్టే తీపి ముద్ద హరోసెత్‌కి సిలాన్ అనే ఖర్జూర పాకం, అక్రోట్లు తెప్పించమను. అన్నిటికన్నా ముఖ్యం: మందులు. మాత్రలో పిండి ఉందేమోనని ఎవరన్నా ఆపమంటే ఆపకు. డాక్టర్నీ, రబ్బీనీ వాళ్ల బిడ్డల చేత అడిగించు. పెద్దావిడ ప్రాణం ముందు.

కాలర్ 3: మంచిదక్కా. జర ధైర్నమైంది.

యాంకర్: మెసేజ్‌లు చకచకా చదువుతాను. కోక్ తాగొచ్చా?

అతిథి: అష్కెనాజీలయితే పసుపు మూత సీసా చూసి కొనండి. మామూలు దాంట్లో మొక్కజొన్న పాకం ఉంటుంది, పసుపు మూత దాంట్లో చక్కెర.

యాంకర్: మన ఊళ్లలో పస్కా చేసుకునేవాళ్లున్నారా అని ఒకరు.

అతిథి: ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం అనే సముదాయం ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, సొంత సినగాగ్ ఉంది. ఈ పండక్కి తెలుగు కొత్తేమీ కాదు.

యాంకర్: ఆఖరుది. ఇందాకటి ఎడిసన్ అమ్మాయే పంపింది. "అక్కా, ఇంగువ డబ్బా తిప్పి చూశాను. గోధుమ పిండి అని ఉంది. ఇప్పుడేం చేయను?"

అతిథి: ఆ ఆటా బస్తా పక్కన పెట్టు తల్లీ, రెండూ ఒకే పత్రంలో రాసేయొచ్చు. ఈ రాత్రికి నిద్రపో.