నక్షత్రాల సీలింగ్ కింద డైలాగ్ వినపడని హోమ్ థియేటర్

అందరికీ నమస్కారం. ఇప్పుడు నేనున్నది నిజాంపేటలో, మా బావగారి పెంట్‌హౌస్‌లో. 12 బై 16 అడుగుల గది. ఆర్నెల్ల కిందట దీన్ని హోమ్ థియేటర్ చేయించారు. లైట్లు ఆర్పుతున్నా, పైకి చూడండి... నక్షత్రాలు! దీన్ని స్టార్ సీలింగ్ అంటారు, ఫైబర్ ఆప్టిక్ తీగలతో చేస్తారు. ఇంటీరియర్ వాళ్లు ముందు చూపించే ఫొటో ఇప్పుడు ఇదే. బాగుంది, కాదనను. పిల్లలైతే సినిమా వదిలేసి దీన్నే చూస్తున్నారు.

ఇప్పుడు ఒకటి వినండి. (చప్పట్లు) చప్పట్ల వెనకాలే 'ట్రింగ్' అంటూ ఒక తోక వచ్చింది కదా? ఇయర్‌ఫోన్స్‌లో వింటున్నవాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది. ఎదురెదురు గోడలు రెండూ నున్నగా ఉంటే శబ్దం వాటి మధ్య బంతిలా కొట్టుకుంటుంది. డైలాగ్ మీద ఆ తోక పడితే మాట ముద్దయిపోతుంది. బావగారి గొడవ కూడా ఇదే. ఫైట్ రాగానే సౌండ్ తగ్గిస్తారు, మాటలు రాగానే పెంచుతారు. రిమోట్ చేతిలోంచి దిగదు.

"మరి గోడలకి ప్యానెల్స్ వేయించాను కదయ్యా" అంటారు ఆయన. వేయించారు, ఇవిగో, గాడిలు గాడిలుగా ఉన్న ఫ్లూటెడ్ ప్యానెల్స్. గోటితో కొడుతున్నా, వినండి. టక్ టక్. పీవీసీ. చూడ్డానికే తప్ప శబ్దాన్ని పెద్దగా పీల్చవు. కావాల్సింది గుడ్డ చుట్టిన రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన దూది లాంటి పీచు) ప్యానెల్, కనీసం రెండు అంగుళాల మందం. అది కూడా గది నిండా అక్కర్లేదు. మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరిని పక్క గోడ మీద అద్దం జరపమనండి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ ప్యానెల్ పెట్టండి. రెండు వైపులా అంతే.

ఇక సెంటర్ స్పీకర్. సినిమాలో మాటలు ఎక్కువగా దీంట్లోంచే వస్తాయి. ఇక్కడ దాన్ని ఎక్కడ పెట్టారో చూడండి: స్క్రీన్ కింద క్యాబినెట్‌లో, మోకాళ్ల ఎత్తున, మీద గాజు తలుపు! హీరో అలమారాలో దూరి మాట్లాడుతున్నట్టుంటుంది. నిన్న దాన్ని అంచు దాకా లాగి, తలుపు తీసేసి, ముందు భాగం కింద రెండు రబ్బరు డోర్ స్టాపర్లు పెట్టి మన చెవుల వైపుకి ఎత్తాను. సగం గొడవ అక్కడే తీరింది.

ఇప్పుడు అందరూ అడిగేది డాల్బీ అట్మాస్, అంటే నెత్తి మీద నుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి. ఇళ్లలోకి వచ్చింది 2014లో. 5.1.2 అంటే చుట్టూ అయిదు స్పీకర్లు, బాస్ కోసం ఒక సబ్‌వూఫర్, నెత్తి మీద రెండు. ఇక్కడ ఆ రెండూ లేవు. సీలింగంతా నక్షత్రాలే, స్పీకర్‌కి కన్నం పెట్టే చోటే మిగల్లేదు. స్పీకర్లు ఇప్పుడు కొనకపోయినా సరే, ఫాల్స్ సీలింగ్ మూసేలోపు వైర్లు లాగించి పెట్టుకోండి. తర్వాత పీఓపీ పగలగొట్టాలంటే ఆ దుమ్ము చాలు, వారం రోజులు ఇంట్లో ఉండలేరు.

ప్రొజెక్టరా, పెద్ద టీవీయా? పగటి వెలుతురు వచ్చే హాల్ అయితే టీవీ, పూర్తిగా చీకటి చేయగల గది అయితే ప్రొజెక్టర్. మూల నుంచి మూలకి కొలిచే 120 అంగుళాల స్క్రీన్ దాదాపు 8 అడుగుల 9 అంగుళాల వెడల్పు ఉంటుంది, 12 అడుగుల దూరంలో కూర్చుంటే హాయిగా ఉంటుంది. అపార్ట్‌మెంట్ వాళ్లకి ఒక మాట: 98 అంగుళాల టీవీ వెడల్పే ఏడడుగులు దాటుతుంది. ముందు టేపు పట్టుకుని మీ లిఫ్ట్ కొలవండి.

రంగు గురించి కూడా. ఇక్కడ సీలింగ్ నలుపు కాబట్టి పర్లేదు. తెల్ల సీలింగ్ ఉంటే స్క్రీన్ వెలుగంతా దాని మీద పడి తిరిగొస్తుంది, బొమ్మలోని నలుపు కాస్తా బూడిద రంగవుతుంది.

సరే, ఈ గోడకి మందపాటి మఖ్మల్ కర్టెన్ వేశాం. మళ్లీ కొడుతున్నా. (చప్పట్లు) తోక తెగింది! "అరె, నిజమే" అంటున్నారు బావగారు. ఇంకొక్కటి మిగిలింది. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంది, అందుకే బాస్ గుమ్ గుమ్ అని మోగుతోంది. రెండడుగులు ముందుకి జరపమన్నాను. అక్క ఒప్పుకోవట్లేదు, వెనకాల దుమ్ము ఎవరు తుడుస్తారట.