వాడి మాట వాణ్ణే పూర్తి చేయనివ్వండి

(చిన్నపిల్లల్లో నత్తి గురించి రేడియోలో ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. శ్రోతల పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. లైన్లు అప్పుడే నిండిపోయాయి కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెడదాం. స్టూడియోలో స్పీచ్ థెరపిస్టు ఉన్నారు. తణుకు నుంచి ఒక అమ్మ మాట్లాడుతున్నారు.

తల్లి (తణుకు): నమస్కారమండీ. మా బాబుకు మూడున్నరేళ్ళు. నిరుడంతా ఒకటే కబుర్లు, వీధిలో వాళ్ళు వసపిట్ట అని పిలిచేవారు. రెండు నెలల నుంచి మాట మొదట్లోనే పట్టేస్తోంది. నిన్న ‘నాకు’ అనడానికి నా, నా అని ఏడెనిమిది సార్లు అన్నాడు. మా అత్తగారు వసకొమ్ము సాన మీద అరగదీసి, తేనెలో రంగరించి రోజూ నాలుకకు రాస్తున్నారు.

థెరపిస్టు: వస సంగతి తరువాత చెబుతానమ్మా. మాట ఆగినప్పుడు బాబు ముఖం ఎలా ఉంటుంది? కళ్ళు గట్టిగా మూసుకోవడం, దవడ బిగించడం, కాలు నేలకేసి కొట్టడం, ఇలాంటివి ఏమైనా?

తల్లి: తల వెనక్కి అంటాడండీ. మొన్న నోరు తెరిచాడు గానీ శబ్దమే రాలేదు. కాసేపు చూసి ‘ఏమీ లేదు’ అని వెళ్ళిపోయాడు.

థెరపిస్టు: నాకు ఆ ‘ఏమీ లేదు’ ముఖ్యం. నా, నా అని ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టకండి. చెప్పాలనుకున్నది ఎన్నిసార్లు మింగేశాడో చూడండి. రెండు నుంచి ఐదేళ్ళ మధ్య నూటికి సుమారు 5 మంది పిల్లలకు నత్తి వస్తుంది. నలుగురిలో ముగ్గురికి తగ్గిపోతుంది కూడా. అందుకే ‘అదే పోతుందిలే’ అనే మాట పుట్టింది. చిక్కేమిటంటే, ఆ నాలుగోవాడు ఎవరో ముందుగా ఎవరూ చెప్పలేరు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

తల్లి: మా మరిదికి ఉందండీ. ఇప్పటికీ ఫోను ఎత్తడు.

థెరపిస్టు: అయితే ఎదురుచూడకండి. మగపిల్లవాడు, కుటుంబంలో ఉంది, మాట కోసం ఒళ్ళు బిగిస్తున్నాడు. ఈ మూడూ కలిస్తే ఆరు నెలలు ఆగమని నేను చెప్పను. జిల్లా ఆసుపత్రిలో డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్, అంటే పిల్లల ఎదుగుదలలో ఇబ్బందులను తొందరగా గుర్తించి చూసే కేంద్రం, ఉంటే అక్కడ అడగండి, ఫీజు ఉండదు. ప్రైవేటుగా చూపిస్తే, ఆ థెరపిస్టుకు మా వృత్తివాళ్ళను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి. తెలంగాణ వాళ్ళకు సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో, మాట, వినికిడి ఇబ్బందులను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

తల్లి: ఒక్కటి అడుగుతానండీ. పాప పుట్టాకే ఇది మొదలైంది. పాపను ఎత్తుకుని వాణ్ణి పట్టించుకోలేదని... నా వల్లనేనా?

థెరపిస్టు: కాదు. నూటికి నూరుపాళ్ళు కాదు. ఇంట్లో హడావిడి ఉన్న రోజున నత్తి ఎక్కువ కనిపించవచ్చు, అంతవరకే. మెదడులో మాటను అమర్చే తీరులోనే తేడా ఉంటుంది, అందులో వంశపారంపర్యం పాలు పెద్దది. 2010లో అమెరికా పరిశోధకులు పాకిస్తాన్ కుటుంబాలను పరిశీలించి, నత్తితో ముడిపడిన జన్యువులను కూడా గుర్తించారు. భయపడితే వస్తుందని, నత్తివాళ్ళను వెక్కిరిస్తే అంటుకుంటుందని మన దగ్గర చెప్పుకుంటారు. రెండూ నిజం కాదు. ఇక వస. అత్తగారిది ప్రేమే, కాదనను. కానీ వసలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంది. దాని మూలంగానే అమెరికాలో 1968లో ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. మోతాదు మించితే పిల్లలకు వాంతులవుతాయి. దాని వల్ల నత్తి పోదు. నాలుక కింద గులకరాయి పెట్టడం, నాలుక కింది పొర కోయించడం కూడా అంతే, నత్తికి వాటితో సంబంధం లేదు. అత్తగారికి వేరే పని అప్పగిద్దాం.

తల్లి: ఏమిటండీ?

థెరపిస్టు: రోజూ ఐదు నిమిషాలు వాడొక్కడితో కూర్చోమనండి. టీవీ లేకుండా, ఫోను లేకుండా, పాప లేకుండా. ఏం ఆడాలో వాడే చెబుతాడు. ప్రశ్నలు తక్కువ. మన ఇళ్ళలో పిల్లలతో మాట్లాడటమంటే ప్రశ్నపత్రమే కదా! ఏం తిన్నావు, ఎవరు కొట్టారు, ఎన్ని మార్కులు. వాడు చెప్పాక ఒక క్షణం ఆగి, అప్పుడు బదులివ్వాలి. ‘నిదానంగా చెప్పు, ఊపిరి పీల్చుకుని చెప్పు’ అంటున్నారా?

తల్లి: రోజూ అంటామండీ, అందరం.

థెరపిస్టు: మానేయండి. అలా అన్నప్పుడల్లా, చెప్పిన సంగతిని వదిలేసి నోటిని చూస్తున్నారని వాడికి అర్థమవుతుంది. నిదానించాల్సింది మీరు. మీరు మెల్లగా మాట్లాడితే వాడికి తొందర తగ్గుతుంది. మరీ ఇబ్బందిపడ్డ రోజున ‘ఆ మాట కొంచెం కష్టంగా వచ్చింది కదా, ఫరవాలేదు, నేను వింటున్నాను’ అనండి. ఆ ఊసే ఎత్తకపోతే అదేదో సిగ్గుపడాల్సిన విషయం అనుకుంటాడు.

వ్యాఖ్యాత: మేడమ్, థెరపీ అంటే ఏం చేస్తారో కూడా చెప్పండి.

థెరపిస్టు: ఈ వయసులో ఎక్కువ పని తల్లిదండ్రులతోనే. సిడ్నీలో పుట్టిన లిడ్‌కమ్ పద్ధతిలో తల్లో తండ్రో రోజూ కాసేపు మాట్లాడించి, సాఫీగా వచ్చిన మాటను మెచ్చుకుంటారు. ఎప్పుడు, ఎంత అన్నది వారం వారం థెరపిస్టు నేర్పుతారు, సొంతంగా మొదలుపెట్టేది కాదు. ఇంకో పద్ధతిలో నేను ఇందాక చెప్పినట్టు, ఇంట్లో మాట వేగాన్నీ ఒత్తిడినీ తగ్గిస్తారు. నెదర్లాండ్స్‌లో 199 మంది పిల్లలపై ఈ రెంటినీ పోల్చి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిన్నర తరువాత చూస్తే రెండూ దాదాపు సమానం. అందుకే పద్ధతి పేరు కన్నా త్వరగా వెళ్ళడం, మధ్యలో మానకపోవడం ముఖ్యమంటాను.

వ్యాఖ్యాత: డల్లాస్ నుంచి ఒక శ్రోత. అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుంది.

తల్లి (డల్లాస్): అవునండీ. మా పాపకు నాలుగేళ్ళు. స్కూల్లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. రెండు భాషల వల్లే నత్తి వచ్చిందని, తెలుగు ఆపేయమని బంధువులు అంటున్నారు.

థెరపిస్టు: ఆపకండి. రెండు భాషలు నత్తి తెప్పించవు. అమ్మమ్మతో మాట్లాడే భాషను తీసేస్తే పాపకు మాట్లాడే మనుషులు తగ్గుతారు, అంతే.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి ఒక టీచరు.

టీచరు (ఖమ్మం): ఒకటో తరగతిలో ఒకడున్నాడండీ. హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్’ అనలేక నిలబడిపోతాడు. మిగతావాళ్ళు నవ్వుతారు. వాణ్ణి పిలవడం మానేశాను. తప్పా?

థెరపిస్టు: మనసు మంచిదే, కానీ వదిలేస్తే వాడు ఆ గదిలో లేనట్టే అవుతుంది. విడిగా పిలిచి వాణ్ణే అడగండి: చేయి ఎత్తుతావా, పక్కవాడితో కలిసి చెబుతావా అని. కలిసి చెబితే చాలామందికి మాట సాఫీగా వస్తుంది. నవ్వేవాళ్ళతో మాత్రం మీరే మాట్లాడాలి. వాళ్ళకు అది నేర్పింది మన సినిమాలే. నత్తి పాత్ర కనిపిస్తే నవ్వాలని మనకు ఏళ్ళ తరబడి అలవాటు చేశాయి.

వ్యాఖ్యాత: చివరి ఫోను, సిద్దిపేట నుంచి. చెప్పండి.

తాత (సిద్దిపేట): నమస్తే. మా మ... మ... మ...

వ్యాఖ్యాత: మనవరాలా అండీ?

తాత: మ... మనవడు.

థెరపిస్టు: చూశారా! ఆయన మాట మీరు అందుకుంటే ఆయన రెండో పని చేయాల్సి వచ్చింది, మీ తప్పు దిద్దడం.

వ్యాఖ్యాత: క్షమించండి తాతగారూ. చెప్పండి, ఆగుతాను.

తాత: ఫ... ఫరవాలేదు. అరవై ఏళ్ళుగా అలవాటే. వాడికి ఐదేళ్ళు. వేమన పద్యం గ... గడగడా చెబుతాడు. మంచినీళ్ళు అడగాలంటే ఆగిపోతాడు. న... నటిస్తున్నాడని మా అబ్బాయి కోప్పడతాడు.

థెరపిస్టు: నటన కాదు. పాటలో, కంఠతా వచ్చిన పద్యంలో నత్తి తగ్గడం మామూలే. అక్కడ మాటను అప్పటికప్పుడు అల్లుకోవాల్సిన పని లేదు. మీకూ పద్యం సాఫీగా వస్తుంది కదా?

తాత: వస్తుంది. ఇంకొకటి ఉందండీ. నా మ... మాట విని వాడికి అంటుకుందని, ఏడాదిగా వాడితో మాట్లాడటం త... తగ్గించేశాను.

(కొన్ని క్షణాలు నిశ్శబ్దం.)

థెరపిస్టు: ఈ రోజే మొదలుపెట్టండి తాతగారూ. మీ నుంచి వాడికి వచ్చినది ఏదైనా ఉంటే అది పుట్టుకతోనే వచ్చేసింది, వింటే రాలేదు. ఇంటి మొత్తంలో, మాట గొంతులో ఆగితే ఎలా ఉంటుందో తెలిసినవారు మీరొక్కరే. వాడికి ఆ ఒక్కరూ లేకుండా పోయారు.

తాత: ఇక్కడే ఉన్నాడు. మా... మాట్లాడించమంటారా?

థెరపిస్టు: వద్దండీ, రేడియోలో పరీక్ష పెట్టకండి. సెంటర్‌లో చూస్తారు. మీరు మాత్రం—

(ఫోను చేతులు మారిన చప్పుడు.)

బాబు: మా... మా... మా ఆవుకు దూడ పుట్టింది.

థెరపిస్టు: దూడ పుట్టిందా! ఎలా ఉంది?

(నిశ్శబ్దం. వ్యాఖ్యాత గడియారం చూసుకున్నారు, ఏమీ అనలేదు.)

బాబు: న... న... నల్లగా. మొహం మీద తె... తెల్ల మచ్చ. తాత నన్ను ఇంకా ము... ముట్టుకోనివ్వలేదు.