కొత్త సంవత్సరం ఫిట్‌నెస్ లక్ష్యాలు: డిసెంబరు దాకా నిలిచే షీట్ ఇలా కట్టుకోండి

అందరికీ నమస్కారం. స్క్రీన్ కనిపిస్తోంది కదా, ఖాళీ గూగుల్ షీట్. ఈ ఏడాది హెల్త్, ఫిట్‌నెస్ లక్ష్యాలన్నీ ఇందులోనే పెట్టేద్దాం. యాప్ వాడేవాళ్లు వాడుకోండి, తప్పేం లేదు. కాకపోతే యాప్‌లో లెక్క దాని ఇష్టం, షీట్‌లో లెక్క మన ఇష్టం.

కింద రెండు ట్యాబ్‌లు. ఒకటి 'లక్ష్యం', రెండోది 'రోజువారీ'. డబుల్ క్లిక్ కొడితే పేరు మారుతుంది. అయిపోయింది.

లక్ష్యం ట్యాబ్‌లోకి రండి. ఐదు కాలమ్‌లు: పని, ఎప్పుడు, కనీసం, టార్గెట్, వారానికి ఎన్నిసార్లు. చూశారా, 'పది కిలోలు తగ్గాలి' అని రాయడానికి ఇందులో చోటే లేదు. కావాలనే వదిలేశా. బరువు తగ్గడం ఫలితం, అది వచ్చినప్పుడు వస్తుంది. రాత్రి పడుకునే ముందు 'ఇవాళ చేశానా?' అంటే అవును, లేదు అని ఒక్క మాటలో చెప్పగలిగిందే 'పని' కింద రాయాలి. 'ఆరోగ్యంగా తినాలి' అంటే కుదరదు. 'మధ్యాహ్నం ప్లేటులో సగం కూరగాయలు' అంటే కుదురుతుంది.

సరే, మొదటి వరస: నడక. ఎప్పుడు? ఇక్కడ 'సాయంత్రం' అని రాసి వదిలేయకండి. సాయంత్రం అంటే ఐదా, ఎనిమిదా? రోజూ ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టండి. 'పని నుంచి వచ్చాక, బూట్లు విప్పకముందే'. ఇదిగో, ఇలా టైప్ చేశా. 'ఇది జరిగితే వెంటనే అది చేస్తాను' అని ముందే రాసిపెట్టుకోవడం మీద పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్ట్ చాలా పని చేశారు. ఊరికే 'చేస్తాను' అనుకోవడం కంటే ఇది బాగా పనిచేస్తుందని తేలింది.

రెండో వరస: బలం వ్యాయామాలు, వారానికి 2 సార్లు. మూడో వరస: నిద్ర, 7 గంటలు. నిద్రకి 'ఎప్పుడు' దగ్గర లేచే టైమ్ రాయకండి, ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి పక్కనపెట్టే టైమ్ రాయండి. నాలుగో వరస వద్దు. ఆరంభశూరత్వం అంతా ఇక్కడే బయటపడుతుంది, జనవరి 1న పన్నెండు వరసలు రాస్తాం, ఫిబ్రవరికి షీట్ తెరవడమే మానేస్తాం.

ఇప్పుడు 'కనీసం', 'టార్గెట్'. రెండు నంబర్లు ఎందుకంటే, ఒక్కటే ఉంటే అది అందని రోజు సున్నా అవుతుంది. నడకకి కనీసం 5 నిమిషాలు, టార్గెట్ 10 నిమిషాలు. నవ్వొచ్చినా అదే పెట్టండి. తలనొప్పిగా ఉన్నా, బయట వాన పడుతున్నా, ఇంట్లోనే అటూఇటూ తిరిగి పూర్తి చేయగలిగేదే 'కనీసం' అవ్వాలి.

టార్గెట్ మాత్రం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దాంతోపాటు కండరాలకి పని చెప్పే వ్యాయామం వారంలో కనీసం 2 రోజులు అని ఉంది. అంటే 30 నిమిషాల చొప్పున 5 రోజులు. కానీ మొదటి వారమే 30 పెట్టొద్దు. 1, 2 వారాలు 10 నిమిషాలు. 3, 4 వారాలు 15. 5, 6కి 20. 7, 8కి 25. తొమ్మిదో వారం నుంచి 30. మార్చి మొదలయ్యేసరికి 150 కి వచ్చేస్తాం, మోకాళ్లు కూడా మనతోనే ఉంటాయి. మధ్యస్థం అంటే ఎంత వేగం? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడటం మాత్రం కుదరకూడదు. అంతే, వాచీ అక్కర్లేదు. పదివేల అడుగులు అంటారా, 1965లో జపాన్‌లో ఒక పెడోమీటర్ అమ్మడానికి వాడిన సంఖ్య అది. మంచి నంబరే, కానీ అది తప్పితే రోజు పోయినట్టేం కాదు.

బలం వరసకి టార్గెట్: స్క్వాట్ (కుర్చీలో కూర్చున్నట్టు వంగి లేవడం), గోడకి పుషప్, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా ఆపి ఉంచడం). స్క్వాట్, పుషప్ 8 నుంచి 12 చొప్పున 3 సెట్లు, ప్లాంక్ 20 సెకన్ల చొప్పున 3 సార్లు. ఇంకో రెండు చేయగలను అనిపించినప్పుడే సెట్ ఆపేయండి. వరసగా రెండుసార్లు మూడు సెట్లలోనూ 12 వచ్చేస్తే కష్టం పెంచండి: గోడ నుంచి టేబుల్ అంచుకి, అక్కడి నుంచి నేలకి. మధ్యలో ఒక రోజైనా ఖాళీ. కండరం నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉంటుంది, అది మామూలే. కీలులో పోటు వస్తే మాత్రం ఆపండి. గుండె జబ్బు, బీపీ, షుగర్ మందులు, గర్భం, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్‌తో మాట్లాడాకే ఈ షీట్. నడుస్తుంటే ఛాతీలో నొప్పి వస్తే షీట్ సంగతి తర్వాత, వెంటనే వైద్యం.

ఇక రోజువారీ ట్యాబ్. ఏ కాలమ్ తేదీ, బీ నడక నిమిషాలు, సీ బలం, డీ నిద్ర గంటలు, ఈ బరువు, ఎఫ్ సగటు. తేదీకి కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ కొట్టండి, ఇవాళ్టి తేదీ పడిపోతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన షార్ట్‌కట్ ఇదే. సీ2 నుంచి కిందిదాకా సెలెక్ట్ చేసి ఇన్సర్ట్, చెక్‌బాక్స్. వచ్చింది. వారం సోమవారంతో మొదలు, అంటే వరస 2 సోమవారం, వరస 8 ఆదివారం. జనవరి 1 వారం మధ్యలో పడితే ముందు రోజులు ఖాళీగా వదిలేయండి.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. సగటు కాలమ్. అందరూ తడబడేది ఇక్కడే.

బరువు రోజూ ఎందుకు చూస్తామంటే, ఒక్క రోజు నంబర్‌ని నమ్మలేం కాబట్టి. ఉప్పు, నీళ్లు, మలబద్ధకం, వీటివల్లే కిలో, రెండు కిలోలు అటూఇటూ అవుతుంది. అందుకే ఏడు రోజుల సగటు. ఎఫ్8 లో క్లిక్ చేయండి. ఈక్వల్స్, ఆవరేజ్, బ్రాకెట్, ఈ2 కోలన్ ఈ8, బ్రాకెట్, ఎంటర్. ఇప్పుడు ఆ చిన్న నీలం చుక్క పట్టుకుని కిందికి లాగేయండి. ఎఫ్9 లో ఈ3 నుంచి ఈ9 అని దానంతట అదే మారుతుంది. డాలర్ గుర్తు పెట్టారంటే మారదు, కిందిదాకా మొదటి వారం సగటే కనిపిస్తుంది.

ఇప్పుడు చూడండి. ఇక్కడ ఐదు రోజులు బరువు ఉంది: 72.4, 71.8, 72.1, 72.6, 71.9. రెండు రోజులు చూడలేదు, ఆ గళ్లు ఖాళీ. సగటు 72.2. బాగుంది. అదే ఆ రెండు గళ్లలో సున్నా కొడతా... ఇదిగో, 51.5! షీట్ దృష్టిలో సున్నా కూడా ఒక బరువే. ఖాళీ గడిని లెక్కలోంచి వదిలేస్తుంది, సున్నాని వదలదు. కాబట్టి చూడని రోజు గడి ముట్టుకోకండి. నిద్ర కాలమ్‌కీ ఇదే రూల్. నడక నిమిషాలకి మాత్రం మనం వేసేది మొత్తం, అక్కడ సున్నా పెట్టినా నష్టం లేదు.

ఇంకొకటి. '72 కేజీ' అని టైప్ చేశారనుకోండి, అది అంకె కాకుండా అక్షరాలు అయిపోతుంది, సగటులోకి రాదు. ఎలా తెలుస్తుందంటే, అంకె గడిలో కుడి పక్కకి ఆనుకుంటుంది, అక్షరాలు ఎడమ పక్కకి. ఇదిగో ఈ గడి ఎడమకి ఉంది, చూశారా? 'కేజీ' తీసేశా, కుడికి వెళ్లింది. వారమంతా అలాగే రాస్తే సగటు దగ్గర డివ్ జీరో అని ఎర్రర్ వస్తుంది, కంగారుపడకండి, కారణం ఇదే.

తూకం ఎప్పుడు? పొద్దున లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, తాగకముందు. మెషిన్ గట్టి నేల మీద ఉండాలి, కార్పెట్ మీద తప్పు చూపిస్తుంది. బలం వ్యాయామాలు కొత్తగా మొదలుపెట్టినప్పుడు కండరాల్లో నీరు నిలుస్తుంది, మొదటి రెండు మూడు వారాలు బరువు కదలకపోవచ్చు, కొద్దిగా పెరగొచ్చు కూడా. అందుకని ఈ వారం సగటుని నాలుగు వారాల కిందటి సగటుతోనే పోల్చండి, నిన్నటితో వద్దు. నంబర్ చూస్తేనే రోజంతా పాడైపోతోంది అనుకునేవాళ్లు బరువు కాలమ్‌నే తీసేసి, రెండు వారాలకోసారి నడుము కొలత రాసుకోండి. ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో టేపు, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి, పొట్ట లోపలికి లాక్కోకూడదు.

త్వరగా మిగతావి. ఆదివారం వరసలో, జీ8: ఈక్వల్స్, కౌంట్‌ఇఫ్, బీ2 కోలన్ బీ8, కామా, కోట్స్‌లో గ్రేటర్ దాన్ ఈక్వల్స్ 5. అంటే ఆ వారం కనీసం 5 నిమిషాలు నడిచిన రోజులెన్నో. కోట్స్ మర్చిపోతే ఎర్రర్. హెచ్8: సమ్, బీ2 నుంచి బీ8, వారం మొత్తం నడక నిమిషాలు. ఐ8: కౌంట్‌ఇఫ్, సీ2 నుంచి సీ8, కామా, ట్రూ, బలం వ్యాయామాలు చేసిన రోజులు. ఈ మూడూ కాపీ చేసి వరస 15 లో పేస్ట్, అది రెండో ఆదివారం. 22, 29, అలా వెళ్లిపోండి.

వరసగా ఎన్ని రోజులు చేశాం అనే కౌంటర్ నేను పెట్టను. అది ఒక్క రోజు తెగితే మళ్లీ మొదటికొస్తుంది, చూస్తే విసుగు. వారానికి 5 కి 4 అంటే 4 వచ్చినట్టే కదా. 21 రోజుల్లో అలవాటు అయిపోతుందనే మాట కూడా పక్కనపెట్టండి. లండన్‌లో 96 మందితో చేసి 2009లో ప్రచురించిన పరిశోధనలో, అలవాటు అంటుకోవడానికి సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అని అంచనాకి వచ్చారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. రంగులు కావాలంటే ఫార్మాట్, కండిషనల్ ఫార్మాటింగ్. చేసిన రోజుకి ఆకుపచ్చ చాలు, మానేసిన రోజుకి ఎరుపు పెట్టకండి.

జ్వరమో ప్రయాణమో వచ్చి వారం పోయిందనుకోండి. లక్ష్యం ట్యాబ్‌లో కింద ఒక్క లైను ముందే రాసిపెట్టుకోండి: 'వారం తప్పితే, తిరిగొచ్చిన వారం టార్గెట్ సగం'. 20 నిమిషాల దగ్గర ఆగితే 10 తో మొదలు, ఆ పై వారం మళ్లీ 20. పోయిన నిమిషాలు కలిపి తీర్చేయాలని రోజుకి గంట నడిస్తే పాదాలు, పిక్కలు పట్టేస్తాయి.

రెండు వారాలు వరసగా నడక 5 రోజులకి 3 కంటే తక్కువ వస్తుంటే, మీ పట్టుదల సంగతి తర్వాత, ముందు 'ఎప్పుడు' కాలమ్ మార్చండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. ఆదివారం రాత్రికి ఫోన్‌లో 10 నిమిషాల అలారం, ఆదివారం వరసలోని ఎఫ్, జీ, హెచ్, ఐ, ఆ నాలుగు గళ్లు చూడటానికి.

షీట్ లింక్ వీడియో కింద ఉంది. తెరిచాక ఎడిట్ యాక్సెస్ అడుగుతూ రిక్వెస్ట్ పంపకండి, ఇవ్వలేను, అందరి బరువులూ ఒకే షీట్‌లో పడతాయి. ఫైల్, మేక్ ఎ కాపీ. మీ డ్రైవ్‌లోకి వచ్చేస్తుంది.